పెద్దవ్వ చదివించుకోని కాగితం

పెద్దవ్వ పోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. సిరిసిల్లలో నేను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో పొద్దున టీ టైముకు ఫోన్ తెరిస్తే మా ఊరి పిల్లగాడొకడు పెట్టిన స్టేటస్ కనబడింది. ఏదో పెండ్లిలో తీసిన ఫొటోలోంచి ఆమె ముఖాన్ని కోసి, చుట్టూ గులాబీ పూలు అతికించాడు. పెద్దవ్వ ఎన్నడూ గులాబీ పెట్టుకోలేదు. ఆమె దగ్గర ఎప్పుడూ తంబాకు వాసనే వచ్చేది.

సూపర్‌వైజర్‌ను సెలవు అడిగాను.

“ఎవలు?” అన్నాడు.

“మా పెద్దవ్వ.”

“సొంత పెద్దవ్వనా?”

“పక్కింటామె.”

“పక్కింటోళ్లకు సుత లీవులిచ్చుకుంట పోతే ఇగ బట్టలెవలు కుడుతరు? రేపు ఊళ్లె బర్రె సచ్చిందని అడుగుతవ్.”

నేనన్న మాట ఇక్కడ రాయను, రాసినా అచ్చువేయరు. కత్తెర బల్ల మీద పెట్టి బయటికొచ్చి బస్సెక్కాను. వేములవాడ దాటింది, చందుర్తి దాటింది, నా కోపం మాత్రం దిగలేదు. వాడు అడిగింది సులువైన ప్రశ్నే. ఆమె నీకేమవుతుంది? బస్సులో కూర్చుని జవాబు వెతికాను. ఒక్క ముక్కలో దొరకలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

మల్లాపూర్ దగ్గర మా ఊరు. మా వాడకట్టులో మగవాళ్లు సగం మంది గల్ఫులో, ఆడవాళ్లందరూ బీడీల మీద. మా బాపు కూడా మస్కట్ పోయాడు. నేనేమో ‘హుషారు పిల్ల’ను. నాలుగో తరగతిలోనే ఇంగ్లీషు గడగడా చదివేదాన్ని. లెక్క నోటికి చెప్పేదాన్ని. అది విని మీరు మురిసిపోకండి. హుషారు పిల్ల అంటే మా దగ్గర నడివాడలో ఉన్న బోరింగు. ఎవరొచ్చినా కొట్టి నీళ్లు పట్టుకుపోతారు. బోరింగుకు దాహమవుతుందా అని ఎవరడుగుతారు?

వీసా కాగితం వస్తే నేనే చదవాలి. కంపెనీ అగ్రిమెంటు, మెడికల్ రిపోర్టు, జగిత్యాల ఏజెంటు ఇచ్చిన రసీదు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. బడిలో సారు రానిరోజు కింది తరగతికి నన్నే పంతులమ్మను చేసేవారు. తోటి పిల్లలు నన్ను ‘కలెక్టరమ్మ’ అని పిలిచి ఆటలో కలుపుకునేవాళ్లు కాదు. కలుపుకున్నా తప్పులు చెప్పి చెడగొట్టేదాన్ని. నాకు ఒక్క మార్కు తగ్గితే మాత్రం నోట్‌బుక్కు చింపి బావిలో వేసి, రెండు పూటలు అన్నం మానేసేదాన్ని. మా అమ్మ దిష్టి తీసేది. చదువు ఎక్కువైతే ఇట్లనే అవుతుందని చుట్టుపక్కల ఆడవాళ్లు అనేవాళ్లు.

పెద్దవ్వ ఒక్కతే నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకునేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఆకు ముక్కలు నాకూ ఇచ్చి చుట్టమనేది. తంబాకు ముట్టనిచ్చేది కాదు. “గది నీకద్దు, దగ్గస్తది” అనేది. నేను ఉత్త ఆకు చుట్టేదాన్ని. చుట్టి వదలగానే విచ్చుకునేది. మళ్లీ చుడితే మళ్లీ విచ్చుకునేది. బీడీలు చుట్టడంలో నా అంత చేతకానిది ఆ వాడలో లేదు. పెద్దవ్వ అది చూసి నవ్వేది. ఆ నవ్వులో ‘నువ్వు కూడా తప్పుతావా’ అనే ఆశ్చర్యం ఉండేది కాదు.

“నాకు రాదు” అని ఒకరోజు ఆకు విసిరికొట్టాను.

“రాకుంటె రాకపాయె. ఈడ నువ్వు హుషారుదానివి గావాల్సిన పనిలేదు. కూసో” అంది.

ఆ మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

నా ప్రశ్నలకు బడిలో సారు విసుక్కునేవాడు. పెద్దవ్వ విసుక్కునేది కాదు, జవాబూ చెప్పేది కాదు. ఆకాశం ఎక్కడ అయిపోతుంది అని అడిగితే చేతిలో బీడీ ఆపి నిజంగానే ఆలోచించేది. “నాకు తెల్వది బిడ్డా. నీకు సుత తెల్వది. ఇద్దరం తెల్వకుంట కూసుందాం” అనేది. కూర్చునేవాళ్లం. ఎంత హాయిగా ఉండేదో!

ఐదో తరగతిలో ఒక మధ్యాహ్నం, అన్నం బెల్లు కొట్టిన వేళ, నన్ను బడి నుంచి పిలుచుకుపోయారు. రెండిండ్ల అవతల ఒక చిన్నమ్మ ఉండేది. ఆమె మొగుడు సౌదీలో మేస్త్రీ పని. నాలుగు రోజుల నుంచి అతని ఫోన్ కలవడం లేదు. జగిత్యాల నుంచి ఎవరో ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అరుగు చుట్టూ జనం. “అచ్చింది, పిల్ల అచ్చింది, జరుగుండ్రి” అని నాకు దారి ఇచ్చారు. నాకెంత గర్వమనిపించిందో చెప్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. అరుగెక్కి, బడిలో పాఠం చదివినట్టు గొంతెత్తి చదివాను. ఒక పెద్ద పదం తెలియలేదు. దాటేసి ముందుకు పోయాను. తర్వాతి వరుసలో తెలిసిన పదం వచ్చింది. చావు.

ఆగిపోయాను.

“ఏమున్నదే, జెప్పు” అన్నారు.

చెప్పాను. పదేళ్ల పిల్లను, తెలుగులో, అందరికీ వినబడేటట్టు చెప్పాను. చిన్నమ్మ కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసి, “నీ నోట్ల మన్నువడ!” అని అరిచి కూలబడింది. జనమంతా ఆమె మీదికి వంగారు. వంగాలి కూడా. ఆమెను నేనిప్పటికీ తప్పుపట్టను. నా కోపం ఆ వంగినవాళ్ల మీద. ఇంతమంది పెద్దలున్నారు, కాగితం పట్టుకుని అరుగు మీద నిలబడిన పిల్లను దించాలని ఒక్కరికి తట్టలేదు.

పెద్దవ్వ దించింది. నా చేతిలోంచి కాగితం తీసి పక్కన పెట్టి, కొంగు కప్పి తన ఇంటికి తీసుకుపోయింది. నా చేతులు కడిగింది. “గది నువ్వు రాయలే, సదివినవ్ గంతే” అని మెల్లగా అంది. నాకు వినబడింది గానీ లోపలికి పోలేదు.

ఆ తర్వాత నేను చదవడం మానేశాను. బడిలో లేచి చదవమంటే నోరు తెరిచేదాన్ని కాదు. సారు పొగరన్నాడు. అమ్మ గాలి సోకిందంది. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను చదివితేనే మనుషులు చస్తారు, చదవకపోతే బతికే ఉంటారు, ఇదీ నా లెక్క. తెలివిగల పిల్లల భయం కూడా తెలివిగానే ఉంటుంది, ఎక్కడా సందు ఇవ్వదు. మస్కట్‌లో బాపు బతికుండాలంటే నేను నోరు మూసుకోవాలి. అందుకే మూసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకనాడు పెద్దవ్వ మడతపెట్టిన కాగితం ఒకటి కొంగున ముడేసుకుని కోరుట్ల బస్సెక్కడం చూశాను. ఆమె కొడుకు దుబాయిలో ఉన్నాడు. వాడకట్టులో ప్రతి ఇంటి కాగితం నా దగ్గరికి వచ్చింది గానీ పక్కింటి కాగితం రాలేదు. తిరిగొచ్చాక, “కోరుట్లకెందుకు వోయినవ్?” అని అడిగాను. “కాళ్ల నొప్పుల గోలీలకు” అంది. చేతిలో గోలీలు లేవు. పెద్దవ్వకు కూడా నా నోరంటే భయం పట్టిందనుకున్నాను. ఆ రోజు ఏడ్చినట్టు బాపు మస్కట్ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

కొన్నాళ్లకు, ఎండలు మొదలవుతున్నాయి, నన్ను మళ్లీ చాట పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఏమైంది బిడ్డా, నోరు కుట్టేసుకున్నవా?”

ఆ రోజు చెప్పేశాను. “నేను సదివితె మనుషులు సస్తరు. బాపు సుత సస్తడు.”

ఆమె నవ్వలేదు. అయ్యో అని దగ్గరికీ తీసుకోలేదు. రెండు బీడీలు చుట్టింది. తర్వాత అడిగింది: “గంత బలమున్నదా నీ నోట్ల?”

తల ఊపాను.

“అయితే నా పని ఒకటి చేసిపెట్టు.” చాట కింద పరిచిన పాత పేపరు లాగి నా ముందు పెట్టింది. “నా కొడుకు ఇయ్యాల బస్సు దిగుతుండు అని సదువు.”

“గిండ్ల గట్ల లేదు.”

“లేకుంటె ఏంది? నీ నోరు పెద్దది గదా. సదువు.”

గొణిగినట్టు చదివాను.

“గట్టిగ సదువు. బస్సుల ఉన్నోనికి ఇనవడద్దా?”

గట్టిగా చదివాను. నెలల తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇద్దరం మూలమలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. కోరుట్ల బస్సు వచ్చింది. ఎరువు బస్తాతో ఒకాయన దిగాడు. సంకలో పిల్లతో ఒకామె దిగింది. బస్సు వెళ్లిపోయింది. దుమ్ము దిగిపోయినా పెద్దవ్వ అటే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“సూసినవా? ఉత్త నోరే. నువ్వు సదివితె ఎవలు రారు, నువ్వు సదివితె ఎవలు సావరు. ఇగ మంచిగ సదువుకో.”

నాకు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. ఆమె కూడా నవ్వుతూనే చేతిలోని బీడీకి దారం చుట్టబోయింది. ఆకు విచ్చుకుపోయింది. ఆమె చేతిలో బీడీ విచ్చుకోవడం నేను చూడటం అదే మొదలు. మర్నాడు బడిలో లేచి పాఠం చదివాను. ఊరివాళ్ల కాగితాలు మాత్రం మళ్లీ నా దగ్గరికి రాలేదు. పెద్దవ్వ ఇల్లిల్లూ తిరిగి అందరినీ తిట్టి వచ్చిందని అమ్మ చెప్పింది.

బాపు బతికే వచ్చాడు, వంగిన నడుముతో. ఇంటర్‌తో నా చదువు ఆగింది. మిగిలింది నేనే అడిగి, అరువు పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నాను. మిషన్ మీద కూర్చున్న నన్ను చూసి ఊరంతా తమ సొమ్మేదో పోయినట్టు బాధపడింది. “గంత హుషారు పిల్లవు, ఆఖరికి గిదా?” అన్నారు. పెద్దవ్వ అడిగింది ఇంకొకటి. “పక్క మిషన్ మీద కూసునేది మంచిదేనా? ముచ్చట పెడతదా?”

నేను వెళ్లేసరికి పాడె కడుతున్నారు. పొద్దున్నే ఆకు తడిపి, బట్టలో చుట్టిపెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. అట్లాగే పోయిందట. కొడుకు లేడు, మరిది కొడుకు నిప్పు పట్టాడు. పెద్దవ్వ ఇన్నేండ్లూ “అస్తడు, పనిల ఉన్నడు” అంటూనే వచ్చింది. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు అడగడం మానేశారు.

సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ఆధార్ కార్డు కోసం ఆమె ట్రంకు పెట్టె తీశారు. అడుగున పాలిథిన్ కవరులో ఒక ఇంగ్లీషు కాగితం దొరికింది. ఎదురింటి పిల్ల వాకిట్లో నిలబడి ఉంది. మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం.

“ఏ పిల్లా, ఇటు రా. నువ్వు ఫస్టు గదా, సదువు ఏమున్నదో” అని మరిది కొడుకు కాగితం దాని చేతిలో పెట్టాడు. జనం జరిగి దారి ఇచ్చారు. పిల్ల గొంతు సవరించుకుంది. ఆ గర్వం నాకు తెలుసు.

కాగితం గుంజుకున్నాను.

“ఏందే, పిల్ల సదువుతె ఏమైతది?” అన్నాడు.

“ఏమైతదో నాకెర్క. మీకింత మంది పెద్దోళ్లకు ఇంకా ఎర్కలేదా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. చావింట్లో అంత గొంతు చేయకూడదన్నారు. చేశాను.

పిల్లను లోపలికి పంపి, మనసులోనే చదివాను. దుబాయి కంపెనీ రాసిన కాగితం అది. ఆమె కొడుకు పని విడిచి పారిపోయాడు, ఎక్కడున్నాడో తెలియదు, ఇక తమకు సంబంధం లేదు. వెనక్కి తిప్పితే పెన్నుతో తెలుగులో అదే సంగతి రెండు ముక్కల్లో రాసి ఉంది, కోరుట్లలో ఎవరు చదివిపెట్టారో గానీ. కింద తేదీ కూడా వేశారు. అది నా ఐదో తరగతి ఏడాది, ఎండలు ఇంకా మొదలుకాని రోజులు.

అంటే మేం బస్సు కోసం చూసిన రోజుకే ఆమెకు తెలుసు. తెలిసే నాతో చదివించింది. తెలిసే నా పక్కన కూర్చుని మూలమలుపు వైపు చూసింది. మడతల దగ్గర ఆ కాగితం బట్టలాగా మెత్తబడిపోయి ఉంది. చదువు రానామె దాన్ని ఎన్నిసార్లు విప్పి చూసుకుందో.

పెద్దవాళ్లను పక్కకు పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్లు ఏడ్చారు. వాళ్లు పెద్దవాళ్లు, ఏడవగలరు. లోపలికి వెళ్లేసరికి ఎదురింటి పిల్ల ఇంకా ముఖం ముడుచుకునే ఉంది.

“నాకు సదువత్తది అక్కా.”

“అత్తది, నాకెర్కే. ఇయ్యాల అక్కరలేదు.”

గోడవారన తడిబట్టలో చుట్టిన ఆకు అట్లాగే ఉంది. విప్పి చూశాను. తడి ఇంకా ఆరలేదు. ఒక ముక్క కత్తిరించి పిల్ల చేతిలో పెట్టాను, తంబాకు లేకుండా. అది పెదవి కొరుక్కుంటూ చుట్టింది. వదిలింది. ఆకు మెల్లగా విచ్చుకుంది. పిల్ల గబుక్కున నా ముఖంలోకి చూసింది. నేను ఇంకొన్ని ముక్కలు కత్తిరించి దాని ముందు పెట్టాను. అది ఇంకో ముక్క తీసుకుంది.