వదిన చేతి బియ్యం

ఆడబిడ్డ మనీషాకు ఒడిబియ్యం పోసేరోజు పసుపు కలిపిన బియ్యం గంపను మోసుకొచ్చి పీట ముందు పెట్టింది అనూషే. చుట్టాలంతా ఒకరి వెంట ఒకరు వచ్చి దోసిళ్లతో పోస్తున్నారు. తన వంతుకు అనూష వంగేసరికి అత్త ముత్తవ్వ మోచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగే. లగ్గమైనంక నీ చేతుల బియ్యం దాని ఒడిల పడ్డయి. గందుకే రెండుసార్లు కడుపు నిలువలే నా బిడ్డకు. ఇంక చాలు."

నలుగురూ విన్నారు. అనూష లోపలికి వెళ్లి, భోజనానికి వచ్చినవాళ్లకు విస్తళ్లు వేసింది.

అప్పటికి ఆమెకే మూడు గర్భాలు పోయాయి. ఆమె చుట్టే బీడీల తంబాకు వాసనకే పోతున్నాయన్నారు కోరుట్లలో వాడకట్టంతా. బీడీలు చుట్టడం మానేసింది, అయినా మూడోదీ పోయింది. మళ్లీ చాట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా ఆమె రక్తమే తీశారు, ఆమె కడుపే స్కాన్ చేశారు. అంతా బాగానే ఉందన్నారు. మొగుడు భాస్కర్ మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి అతని సంగతి అడిగినవాళ్లే లేరు.

జగిత్యాలలో ఒక డాక్టరమ్మ మాత్రం అడిగింది. "మీ ఆయన రక్తం కూడా కావాలమ్మా. ఇద్దరివీ చూస్తేనే తెలుస్తుంది."

భాస్కర్ సెలవు దొరికి చుట్టీ మీద ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట ఎత్తింది.

"నాకేం రోగం? గంత ఎండల ఇనుము మోస్తున్న ఆడ."

"మోస్తవు, కాదంటున్ననా? నేను మూడుసార్లు మోసిన. సూదికి భయమైతె చెప్పు, చెయ్యి పట్టుకుంట."

"సూదికి భయమా నాకు!" అని నవ్వేశాడు. ఆ నవ్వులోనే జగిత్యాల తీసుకెళ్లి రక్తం ఇప్పించింది.

ఫలితం వచ్చేసరికి అతను మళ్లీ విమానమెక్కాడు. డాక్టరమ్మ అనూషను కూర్చోబెట్టి చెప్పింది. భాస్కర్ క్రోమోజోముల్లో రెండింటి ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారి ఉన్నాయి. ఏదీ తగ్గలేదు కాబట్టి అతనికి ఏ జబ్బూ లేదు. బిడ్డకు పంచేటప్పుడు ముక్క ఎక్కువో తక్కువో పడితే ఆ గర్భం నిలవదు. "ప్రతిసారీ అలాగే అవుతుందని లేదు. ఇలాంటివాళ్లకు ఆరోగ్యంగా పిల్లలు పుడుతున్నారు. ఎవరి తప్పూ కాదిది. కాకపోతే తోడబుట్టినవాళ్లకూ ఉండొచ్చు, ముందే తెలిస్తే కడుపులో బిడ్డకూ పరీక్ష చేయించుకోవచ్చు. ఆయనకు అక్కాచెల్లెళ్లు ఉన్నారా?"

బస్టాండు దాకా అనూషకు కాళ్లు నేల మీద ఆనలేదు. తన చేతిలో ఏ దోషమూ లేదు! బస్సెక్కి కూర్చున్నాక మనీషా మొహం గుర్తొచ్చింది. ఇక ఆ సీట్లో కుదురుగా కూర్చోలేకపోయింది.

ఆ రాత్రి భాస్కర్‌కు ఫోన్లో అంతా చెప్పింది. "ఎవ్వలకు చెప్పకు. ఇజ్జత్ పోతది" అన్నాడు.

"ఇన్నేండ్ల సంది నా ఇజ్జత్ ఏడవోయింది మరి?"

అనూష అక్కడితో ఆగలేదు.

"మనీషా సంగతేంది? దానికి గూడ గిదే ఉంటే?"

"దాని అత్తగారోళ్లకు తెలిస్తె ఎల్లగొడుతరు దాన్ని. నువ్వు గెలుకకు అనూష."

ఆ మాటా అబద్ధం కాదు. అనూషకు నిద్ర కరువైంది. ఆకు వంకరగా తెగుతోంది, దారం జారుతోంది, కార్ఖానాలో బీడీలు ఏరి పారేస్తున్నారు. చెబితే ఆడబిడ్డ కాపురం పోతుందేమో. చెప్పకపోతే ఆ పిల్ల కూడా తనలాగే ఎవరి చేతినో, ఏ గాలినో తిట్టుకుంటూ కడుపులు పోగొట్టుకుంటుంది. ఇంతలో మనీషాకు మళ్లీ నెల తప్పిందని కబురు. మర్నాడే అనూష ఆడబిడ్డ అత్తగారి ఊరు సిరిసిల్లకు బస్సెక్కింది.

మరమగ్గాల సాంచాల మోతలో నలుగురికీ వినపడదని గోడ పక్కన నిలబెట్టి చెప్పింది. మనీషా కళ్లెర్ర చేసింది.

"మా అన్న మీద పెడుతున్నవా వదినా? కసి తీర్చుకుంటున్నవా?"

"కసి ఉంటే ఇంట్లనే కూసుందును గదనే! గీడిదాక ఎందుకొస్త?"

మనీషా గోడ సున్నం గోకింది. "మా అత్తకు తెలిస్తె?"

"ఒక్కదానివే పోకు. నీ పెనిమిటిని తోల్కపో. ఇద్దరియ్యుండ్రి రక్తం. డాక్టరమ్మతోనే చెప్పియ్యి ఆయనకు. ఎవ్వల తప్పు కాదని ఆమెనే చెప్తది."

ఇద్దరూ ఇచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. సంగతి తెలిసి ముత్తవ్వ కోడలితో మాట్లాడటం మానేసింది. భాస్కర్ ఫోనెత్తడం లేదు. ఫోను మోగినప్పుడల్లా అనూష చాట పక్కకు తోసి లేస్తోంది.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! గర్భాలు వరసగా పోతుంటే కోడలొక్కదాన్నే ఆస్పత్రుల చుట్టూ తిప్పకండి. చుట్టీ మీద వచ్చిన కొడుకునూ వెంట పంపండి. ఫలితం ఏదైనా దాన్ని నిందగా మార్చకండి. ఈ పరీక్ష మన జిల్లా ఆస్పత్రుల్లో ఉచితంగా కావాలని, దాని అర్థాన్ని మన మాటలో విడమరిచి చెప్పే మనిషి అక్కడ కూర్చోవాలని ఓటడగడానికి వచ్చిన ప్రతివాడినీ నిలదీయండి. మనీషాలాంటి వాళ్లకు ఎదురుచూసే ఓపిక ఉండొచ్చు, కడుపులో బిడ్డకు ఉండదు.