కార్డులు ఊరు దాటినాయి, జలజ దాటలే

...యాడిదంకా చెప్పినాను? ఆఁ, జలజ. కెంచార్లహళ్ళి అర్చకుడు గుండూరావు పెండ్లాం. నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు నలభై దాటె.

పేకముక్కంత అట్టల మీద ఫోటోలు దించుతాండాది. నాకూ నేర్పించింది, వేళ్ళకు ఇంకా జిగురు పోలే, చూడండి. ఫోటోను లేజర్ జిరాక్స్ తీయించి, అట్టకు ఫెవికాల్ పూసి, దాని మీద బోర్లా అతికించాల. బాగా ఆరినాక తడిపి వేలితో రుద్దితే కాయితం పొట్టు మాదిరి లేచొచ్చి, బొమ్మ మటుకు అట్టకు నిలుస్తాది. గట్టిగా రుద్దితినా, ముక్కూ మొగమూ పాయ. ఈ కార్డులు అమ్మకూడదంట, ఒకరికొకరు మార్చుకోవాల. ఇట్లే కార్డులు చేసే వేరే ఊర్లోళ్ళకు మూడేండ్లుగా పోస్టులో పంపుతాండాది.

మొదట అత్తనే దించింది. బోర్లా వేస్తే కుడి ఎడమ తారుమారవుతాదని మరిచిపోయింది. ఆయమ్మ కార్డు చూసి, "ఏమే, పైట కుడి భుజానికి యేసినావే. నన్ను మార్వాడీ సేటు పెండ్లాన్ని చేస్తివా?" అనింది.

"మీకు అదీ బాగుండాది అత్తా" అనె జలజ.

ఈ ఆదివారం బాగేపల్లిలో ఆ కార్డులోళ్ళంతా కలిసి చేతులారా మార్చుకొంటారంట. జలజ దానికని తొమ్మిది అతికించి పెట్టుకొనె. పోయేదెట్ల? మడి కట్టి స్వామికి నైవేద్యం వండాల. అది పదకొండుకు. వండి పెట్టి, రెండు బస్సులు మారి పోయేలోగా అక్కడ అందరూ లేచిపోతారు. పెండ్లయి పంతొమ్మిదేండ్లు, ఇదే కత.

గుండూరావును అడిగితే నవ్వుతాడు. "పోవద్దంటినా మిస్? నైవేద్యం చేసేసి పోనీండి."

చూసినారా, తలుపు తీసే పెట్టినాడు, కాలు కదిలేటట్ల లేదు.

నిన్న దాని పెరట్లో కాయితం రుద్దతా ఊరికే అడిగితిని. "నెలలో ఆ మూడు దినాలు ఎవరు వండేది జలజా?"

"ఆయనే మిస్. పులిహోర నాకంటే బాగా చేస్తాడు."

"మరి ఆ దినాల్లోనన్నా యాడికైనా పోరాదా?"

"అప్పుడు గడప దాటకూడదు కదా మిస్" అని తల ఎత్తకుండా రుద్దుకొంటానే ఉండాది. అంతసేపు రుద్దితే ఆ కార్డులో మొగం ఉంటాదా? పాయ. ఇప్పుడు ఎనిమిదే.

నాకు నిద్ర పట్టలే. రేపు పొద్దున గుండూరావు పూజ ముగించి కాఫీకి కూర్చునే వేళకు ఫోను చేస్తాను. జలజ సంగతి ఎత్తను. "ఏమప్పా, ఆదివారం నీ చేతి పులిహోర ప్రసాదం తినేకి వస్తాండాను" అంటాను, అంతే.