గేటు దగ్గర కాపురం

సీసాలక్కకు పెళ్లయి పాతికేళ్లు దాటినా మొగుడితో మాట్లాడిందంతా గేటు దగ్గరే. ఇద్దరిదీ ఒకే సీసాల ఫ్యాక్టరీ. ఆమెది పగటి షిఫ్టు. వరసగా వచ్చే సీసాలను ఒక్కొక్కటే దీపానికెత్తి గాలిబుడగ ఉందా, పగులుందా అని చూడాలి. ఆయనది రాత్రి షిఫ్టు, కొలిమి దగ్గర. అందుకే ఊళ్లో అందరికీ ఆయన కొలిమన్న. ఆమె ఇంటికొచ్చే వేళకు ఆయన డ్యూటీకి, ఆయన వచ్చే వేళకు ఆమె డ్యూటీకి. ఒకే మంచం, ఒకే దిండు, వంతులవారీగా. సైరన్ మోగాక ఒకరు బయటికొస్తూ, ఒకరు లోపలికెళ్తూ, ఆ కాస్త సందులో గేటు దగ్గర నిలబడేవారు. కూతురికి పేరు కుదిరింది అక్కడే. ఇంటి గోడలకు రంగు కుదిరింది అక్కడే. పోట్లాటలూ అక్కడే, అవీ వాయిదాల మీద. పొద్దున మొదలైన గొడవ సాయంత్రానికి తెగకపోతే మర్నాటికి పడేది. ఈలోగా ఎందుకు కోపమొచ్చిందో ఇద్దరూ మర్చిపోయేవారు. ఇంత హాయైన కాపురం ఇంకెవరిదైనా ఉంటే చూపించండి.

అలాంటిది ప్లాస్టిక్ వచ్చి గాజు పనివాళ్ల నోట్లో మట్టి కొట్టింది. కొలిమి ఆర్పేశారు, గేటుకు తాళం పడింది. ఆ రోజు సీసాలక్క కొంగు నోట్లో కుక్కుకుని అందరితోపాటు ఏడ్చింది. మర్నాడు పొద్దున కళ్లు తెరిస్తే పక్కన మొగుడు. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆయనా లేచి కూర్చున్నాడు. టీ తాగుతావా అని ఆయన అడిగితే కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని ఊఁ అంది.

ఇంట్లో ఒకరి ఎదుట ఒకరు ఎలా మసలుకోవాలో ఇద్దరికీ తెలియదు. పగలు ఇంట్లో మొగుడంటే ఆమె లెక్కలో నిద్రపోయే మనిషి. అందుకే కూరగాయలకు వెళ్తూ అలవాటుగా బయట తాళం వేసుకుపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన కిటికీలోంచి పక్కింటివాళ్లను బతిమాలుకుంటున్నాడు. ఆ రాత్రి నిద్రపట్టక టీకొట్టుకు బయల్దేరిన ఆయన, ఆమెను లోపలుంచి తాళం వేశాడు. అక్కడికి చెల్లుకు చెల్లు.

మర్నాటి సాయంత్రం సైరన్ మోగలేదు గానీ ఆమె కాళ్లకు ఆ సంగతి తెలియదు కదా, తిన్నగా పోయి గేటు ముందు ఆగాయి. ఆయన అప్పటికే అక్కడున్నాడు. ఒకర్నొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఇంట్లో పెగలని మాటలన్నీ అక్కడ వరదలా పారాయి. వాచ్‌మన్ జాలిపడి, ఇది ఇక తెరవరని, ఆశ పెట్టుకోవద్దని నచ్చజెప్పబోయాడు.

"తెలుసులే తమ్ముడూ," అంది సీసాలక్క. "మేం మాట్లాడుకోవడానికొచ్చాం."

అప్పట్నుంచి పూటపూటా గేటుకు ప్రయాణమే.

ఇంతలో కూతురు అత్తారింటి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. పక్క ఊళ్లో గోడౌన్‌కు కాపలా పని, రాత్రిపూట, నాన్న కోసం కాళ్లరిగేలా తిరిగి సంపాదించానంది. నాన్నకు రాత్రులు అలవాటే కదా అంది. ఆయన సరే అన్నాడు. ఇంట్లో ఆయన దేనికైనా సరే అనే అంటాడు. సీసాలక్క మాత్రం ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వితే ఎడమ కంటి కింద చిన్న ముడత పడుతుందని ఆమెకు ఈమధ్యే తెలిసింది. గేటు దగ్గర ఎప్పుడూ కుడి చెంపే ఇటు పెట్టి నిలబడేవాడు మరి. మళ్లీ దిండు వంతులేసుకోవాలా? కానీ ఈ వయసులో, కూతురి ముందు, మొగుణ్ని నా పక్కనుండమని అడగడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం ఆయనకంటే ముందే గేటు చేరింది.

"నువ్వు రాత్రి పనికి వెళ్లొద్దయ్యా."

"మరి ఎలా బతుకుదామే?"

"ఇద్దరం కలిసి చేసే పగటి పనేదో చూసుకుందాం. నాకు నువ్వు కావాలి."

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఈ ముక్క ఇంట్లోనే అనొచ్చుగా. వద్దంటావేమోనని ఆశపడి పొద్దుణ్నుంచీ నీ చుట్టూ తిరుగుతున్నాను."

వాచ్‌మన్ తన గదిలో దగ్గాడు. పాపం, అంతా వినబడుతోంది. ఆ గది కిటికీకి అద్దం పగిలి ఎన్నాళ్లో అయింది, అట్టముక్క అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క అద్దం బిగించడానికి ఎవరూ రావడంలేదని వాపోయాడు. సీసాలక్క ఆ అట్టముక్కను, మొగుణ్ని మార్చి మార్చి చూసింది. గాజు సంగతి ఇద్దరికీ కొట్టినపిండి. పైగా కిటికీకి అద్దం బిగించాలంటే లోపలొకరు, బయటొకరు ఉండాలి. ఒంటిచేత్తో అయ్యేది కాదు, చీకట్లో అయ్యేది అసలే కాదు. ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. వేసేసింది కూడా.

ఇద్దరం కలిసి అద్దాలు బిగించే పని చేస్తామంటే కూతురు మొదట తల పట్టుకుంది, తర్వాత తన ఇంటి కిటికీలు చూపించింది. కానీ మొదటి బేరం వాచ్‌మన్‌దే. లోపల సీసాలక్క, బయట కొలిమన్న, ఇద్దరి మధ్యా కొత్త అద్దం. ఆమె అలవాటు కొద్దీ బుడగ కోసం వెతికింది. ఎక్కడా లేదు. అవతల మొగుడు నిండుగా కనబడ్డాడు, ఎడమ కంటి కింద ముడతతో సహా. పెదవులు కదులుతున్నాయి, ఏదో చెబుతున్నాడు. అద్దం అడ్డమొచ్చి ఒక్క ముక్కా వినబడలేదు.

"ఇక్కడెందుకయ్యా," అని గట్టిగా అరిచింది సీసాలక్క. "ఇంటికెళ్లాక చెప్పు."