మూడో నంబరు విమానం

ఖతార్‌లో అల్ వక్రాకు పడమట ఎడారిలో మట్టి రన్‌వే. నేను దిగిన రోజు ఉదయం ఏడుకే ఇసుక కాలుతోంది. చమురు ఊపు మీదున్న రోజులు. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. వైమానిక దళంలో పదిహేనేళ్ళు ఫిట్టరుగా చేసి బయటికొచ్చిన నాకు అక్కడ దొరికిన డ్యూటీ యుద్ధం కాదు, యుద్ధం సినిమా.

పాత ఫైటర్ విమానాలు రెండే ఉన్నాయి. తెర మీద ఆరు కనబడాలి. అందుకని వాటి ఒంటి మీది నంబర్లు చెరిపి వేరేవి వేయించేవాళ్ళం. వేసేది నిజామాబాద్ జిల్లా పెయింటరు.

"పొద్దుగాల మూడు, మాపటికి ఏడు. దీని పేరు దీనికే యాదికుండది సార్," అనేవాడు.

విమానంలో లోపం కనబడితే, పైలట్లు చూసే పుస్తకంలో అది రాసేటప్పుడు కాక్‌పిట్‌లో రేకు మీద కొట్టిన అసలు నంబరు చూసి రాయాలి. దళం నేర్పిన నియమం అది. ఒక సాయంత్రం ఎక్కి చూడడానికి బద్ధకించాను. పైకి కనబడేదే పుస్తకంలో రాశాను: "ఏడు. ఎడమ బ్రేకు పనిచేయదు. ఎగరకూడదు."

మర్నాడు పొద్దున ఐదున్నరకు దర్శకుడు నంబర్లు మార్చమన్నాడు. పెయింటరుకు ఆ మాట చెప్పింది నేనే. ఏడు మూడైంది, మూడు ఏడైంది. పుస్తకం మాత్రం దిద్దలేదు. పైలట్ ముసలి ఇంగ్లీషాయన. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవే నడిపాడట. పుస్తకం చదివి, ఏడును వదిలి మూడు ఎక్కాడు.

ఎనిమిదింబావుకు దిగుతూ రేడియోలో, "ఎడమ బ్రేకు లేదు," అన్నాడు. విమానం కుడికి తిరిగి, మెత్తటి ఇసుకలో దిగబడి, బోర్లా పడింది. ఆయన బతకలేదు.

"నంబర్లు మార్చిందెవరు?" మేనేజరు అడిగాడు.

"పెయింటరు," అన్నాను. అబద్ధం కాదు. మూడో రోజు అతన్ని ఇంటికి పంపేశారు.

వ్యాను ఎక్కుతూ అతను ఆగాడు. "సార్, మార్చమని మీరే చెప్పిన్రు గద. గా ఒక్క మాట మేనేజరుకు చెప్పున్రి."

"చెప్తాలే. ముందు నువ్వెక్కు."

చెప్పలేదు.

ఆర్నెల్లకు నేనూ ఇంటికొచ్చాను. తర్వాత గుంటూరులో ఆ సినిమా ఆడింది. ఆ ప్రమాదం పడిన ఫిల్మును పారేయలేదు. శత్రువు విమానం కూలినట్టు వాడుకున్నారు. హాలంతా ఈలలు. తెర అంచున, రెప్పపాటు, దుమ్ములో ఒక మనిషి విమానం వైపు పరిగెత్తుతున్నాడు. చేతిలో రంగు డబ్బా ఇంకా ఉంది. అతని వెనక ఎవరూ రావడం లేదు.