పసుపు పూసిన చక్రాలు

మొన్న మన సంఘం సభలో ఒక యువకుడు మైకు ముందు నిలబడి, ఆ రోజుల్లో రంగం, అంటే ఈ రంగూను, వచ్చిన తెలుగువాళ్ళకు రేవులో మూటలు మొయ్యడం తప్ప ఆటా పాటా ఏం తెలుసని జాలిపడుతూ మాట్లాడితే, నాకు ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను. పదమూడేళ్ళ వయసులో నేను చక్రాల జోళ్ళు కట్టుకుని పందెంలో దిగానయ్యా, నేర్పింది మూటలు మోసిన మా అయ్యేనయ్యా అన్నాను. అతను వినయంగానే, చూసినవాళ్ళెవరైనా ఉన్నారా తాతగారూ అని అడిగాడు. సభంతా కలయజూశాను. ఆనాటివాళ్ళలో కొందరు జపాను యుద్ధంలో కాలినడకన ఇండియాకు బయల్దేరి ఏమయ్యారో తెలియదు, మిగిలినవాళ్ళు ఆ తర్వాత ఓడలెక్కి వెళ్ళిపోయారు. కూర్చున్నాను. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే, తక్కిన చదువంతా దుకాణాల బోర్డులూ పొట్లాల కాగితాలూ చూసి కూడబలుక్కున్నదే. అయినా నా ఈడువాళ్ళెవరైనా ఎక్కడో ఒకచోట చదవకపోతారా అని ఇది రాస్తున్నాను.

అవి పందొమ్మిదివందల ఇరవైల నడిమి రోజులు. అమ్మ పోయాక, శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో నన్ను చూసే దిక్కులేక, అయ్య నన్ను స్టీమరు మీద వెంట తెచ్చుకున్నాడు. చౌక్తడా పేట వెనక సందులో రేవు కూలీలు ఇరవైమంది ఉండే పొడుగాటి గదిలో పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దున్నే అందరూ మూటల కొక్కేలు భుజాన తగిలించుకుని వెళ్ళిపోతే, సాయంత్రం దాకా నేనూ దండెం మీది పంచెలూ మిగిలేవాళ్ళం. ఆ ఒంటరితనం భరించలేక వీధులు తిరుగుతూ, ఒకనాడు రేకుల కప్పు కింద చెక్క నేల పరిచిన స్కేటింగు హాలు కిటికీ దగ్గర ఆగిపోయాను. లోపల దొరల పిల్లలు తెరచాప పడవల్లా సాగిపోతున్నారు. శనివారం పొద్దుట మాత్రం ఊళ్ళో పిల్లలెవరైనా రావచ్చునట, అయితే కాళ్ళకు బూట్లుండాలి, చక్రాలు సొంతవై ఉండాలి.

తిడతాడనుకుంటూనే అయ్యకు చెప్పాను. ఆయన తిట్టలేదు సరికదా, వారం తిరక్కుండా ఏదో ఓడ నావికుడు పారేసిన బూట్లు తెచ్చి, ముందువైపు గుడ్డలు కుక్కి నా కాళ్ళకు సరిచేశాడు. ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే మా చిన్నాన్న ఎనిమిది కొయ్య చక్రాలు చెక్కి ఇనప ఇరుసులకు ఎక్కించి ఇచ్చాడు. పని దిగాక రేవు ఆవరణలో, బియ్యం బస్తాల గోదాముల మధ్య, అయ్య నా పక్కనే పరుగెత్తేవాడు. ఆయన జన్మలో చక్రాలెక్కినవాడు కాడు. నెత్తిన బస్తాతో ఓడకూ ఒడ్డుకూ మధ్య వేసిన పలక మీద నడవడం ఒక్కటే ఆయనకు తెలిసిన విద్య, దాన్నే నాకు నేర్పాడు.

"మోకాలు ఒంచరా గుంటడా. పలక మీద బిర్రుగా నిలబడినోడు నీల్లల్లోనే ఉంటాడు. కిందకి సూడకు, ఎల్లాల్సిన కాడికి సూడు."

గదిలో అందరూ మావ అని పిలిచే పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వేవాడు. "ఏటిరా, కొడుకుని దొరల బండికి ఎద్దుని సేత్తన్నావేటి?"

"ఎద్దు కాదు మావా, గుర్రం," అనేవాడు అయ్య, ఒగురుస్తూ.

వానలు వెనకబట్టాక ఊరి పిల్లలకు పందెం పెడతామన్నారు. హాలు చుట్టూ ఆరు చుట్లు. నెగ్గిన ఇద్దరి పేర్లు, తండ్రి పేరుతో సహా, అందరి ఎదుటా చదువుతారట. ఆ మాట విన్నప్పటినుంచి అయ్యకు నిద్ర కరువైంది. రేవులో ఆయన్ను ఎవరూ పేరుతో పిలిచి ఎరగరు. దొరకు ఆయన ఒక నంబరు, ఊళ్ళో బర్మావాళ్ళకు, తెలుగు కూలీలందర్నీ వాళ్ళు పిలిచినట్టే, ఒక కొరంగీ. నలుగురిలో ఒక్కసారి తన పేరు గట్టిగా వినపడాలన్న ఆశ ఆయన కళ్ళలో నేను చూశాను.

పందెం ముందునాడు ఆయుధ పూజ వచ్చింది. గదిలో గోడవారన కొక్కేలన్నీ కడిగి వరసగా పెట్టారు. వాటి నడుమ అయ్య నా చక్రాల జోళ్ళు పెట్టి, ఎనిమిది చక్రాలకూ పసుపు ముద్ద దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నూకాలమ్మకు దండం పెట్టుకున్నాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదు, అది మావాళ్ళ ఆచారం. కనక నేను ముట్టలేదు.

మర్నాడు చెప్పులైనా లేని అయ్యను హాల్లోకి రానివ్వలేదు. తలుచుకుంటే ఈనాటికీ నా నెత్తురు ఉడుకుతుంది. కాపలా బర్మా కుర్రవాడే నయం, అయ్య అతన్ని "కో", అంటే అన్నా, అని మర్యాదగా పిలిస్తే, ఒక ఖాళీ పెట్టె బోర్లించి కిటికీ కింద వేశాడు. దానిమీద నిలబడి అయ్య ఊచలు పట్టుకున్నాడు.

మొదటి చుట్టులోనే చక్రాలు బరువుగా తోచాయి. మోకాళ్ళు ఒంచి, ఎదటికే చూస్తూ, నాలుగో చుట్టుకు అందరికన్నా ముందున్నాను. ఐదో చుట్టులో ఎడమకాలి వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బోర్లాపడ్డాను. లేచి నాలుగోవాడిగా చేరాను. బల్ల మీద కూర్చుని చక్రం ఊడదీస్తే, ఇరుసు సందునిండా పసుపు ఎండి రాయిలా బిగుసుకుంది. అటు ఎవరో ఇద్దరి పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు చదువుతున్నారు.

బయటికి రాగానే అయ్య నా మోచేతి గాయం తుడుస్తూ మెల్లగా అడిగాడు. "కిందకి సూసేవేటి?"

"సూసేను అయ్యా," అన్నాను.

"పోన్లే. మొదట్లో నేనూ సూసీవోణ్ణి."

గదికి చేరేలోపు, అయ్యను ముందు నడవమని, ఆ పసుపు ఆయన కంట పడకుండా వీధి కొళాయి దగ్గర ఆగి ఇరుసులన్నీ గోకి కడిగేశాను. ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్ళూ, ఎవరు కొత్తగా గదికి వచ్చినా అయ్య చెప్పేవాడు, మావోడు కిందకి సూసేడు గానీ నేకపోతేనా అని. ఎవరి మాటా పడని నేను, గుమాస్తాలతోనూ మేస్త్రీలతోనూ ముక్కుసూటిగా పోట్లాడిన నేను, ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుని ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు పిల్లల ఆటల దగ్గర తండ్రులు లోపలే కుర్చీల్లో కూర్చుంటున్నారు, కాళ్ళకేం తొడిగారని అడిగేవాళ్ళు లేరు. ఓడిన పిల్లవాడు వస్తూనే, అంతా నీవల్లేనని తండ్రి మొహం మీదే అనేస్తాడు. ఆ చనువు చూస్తే నాకు మొదట కోపం వస్తుంది, ఆ వెనకే అసూయ కలుగుతుంది. మేమిద్దరం ఒకే చాప మీద పడుకుని కూడా ఒకరి మనసు ఒకరం నొప్పించకుండా దాచుకున్నాం. అది ప్రేమేనని ఇవాళ్టికీ అంటాను. కాని ఆ పూట, అయ్యా, నీ పసుపే పట్టేసింది అని ఉంటే, ఆయన ఒక్క క్షణం నొచ్చుకుని, ఆ పైన గదంతా వినపడేలా నవ్వి ఉండేవాడేమో. ఆ నవ్వు నేను వినకుండా పోయాను.