వేడినీళ్లకు ఆగిన వాంతులు

ఆ రోజు పొద్దున్నే మా ఆయన కాఫీ అయినా తాగకుండా వాంతి చేసుకున్నాడు. పత్తి లోడ్లు తోలే లారీ డ్రైవర్ కదా, బయటి తిండి పడలేదేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. రాజుపాలెంలో ఆర్ఎంపీ గ్యాసని చెప్పి ఇంజెక్షన్ వేసి పంపాడు.

నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది. వింతేమిటంటే, ఒంటి మీద వేడినీళ్లు పడుతున్నంతసేపూ వాంతులు ఆగేవి. "ఏమే, ఇంకో బకెట్ కాచు" అని లోపల్నుంచి అరిచేవాడు. కాచాను. మందు దొరికిందని సంబరపడ్డాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నరసరావుపేట ఆస్పత్రిలో స్కానింగ్, ఎండోస్కోపీ రెండూ నార్మల్ అన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం పెరిగింది.

"ఒంట్లో నీరు లేక కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఇలాగే ఉంటే డయాలసిస్ దాకా పోతుంది" అన్నారు డాక్టరమ్మ. చానా భయమేసింది నాకు.

"అలవాట్లేమైనా ఉన్నాయా?" అని ఆమె అడిగిన ప్రతిసారీ మా మామగారు మంచం పక్కనే ఉన్నారు. మా ఇళ్లలో తండ్రి ఎదుట కొడుకు బీడీ కూడా ముట్టించడు. "ఏం లేవమ్మా" అనేవాడు మా ఆయన. ఏళ్లుగా గంజాయి తాగుతున్నాడని నాకు తెలుసు. దాంతో వికారం తగ్గుతుందని ఈమధ్య ఇంకాస్త ఎక్కువ తాగుతున్నాడు. మామగారి ముందు నేనూ నోరు మెదపలేదు.

వాంతులు తిరగబెట్టి మళ్లీ అడ్మిట్ చేసినప్పుడు డాక్టరమ్మ నన్ను అడిగారు, "వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతుందా?" అని. ఆమెకు ఏదో అనుమానం వచ్చిందని అర్థమైంది.

"మామయ్యా, కాస్త ఇడ్లీ తెచ్చిపెట్టండి" అన్నాను. ఆయన వార్డు దాటగానే అంతా చెప్పేశాను.

"కెనబినాయిడ్ హైపరెమెసిస్, అంటే గంజాయి వల్ల వచ్చే వాంతులు. వేడినీళ్లకు తగ్గడమే దీని గుర్తు. ఏళ్ల తరబడి గంజాయి తాగినవాళ్లలో కొందరికి వస్తుంది. మానడమే మందు" అన్నారామె.

సెలైన్లతో కోలుకున్నాడు. మానేసిన కొత్తలో నిద్రపట్టేది కాదు, అన్నం కంచం తోసేసేవాడు. ఒకసారి మాచర్ల ట్రిప్పులో తోటి డ్రైవర్ ఇస్తే, ఒక్కసారికేమవుతుందిలే అని తాగాడు. మళ్లీ వాంతులు, మళ్లీ సెలైన్లు. డాక్టరమ్మ తిట్టలేదు. సైకియాట్రీ ఓపీకి పంపారు, అక్కడి మాటలు బాగానే పనిచేశాయి.

ఇప్పుడు మళ్లీ లారీ తోలుతున్నాడు, కడుపునిండా తింటున్నాడు. క్రియాటినిన్ దిగింది గానీ పూర్తిగా మామూలుకు రాలేదు. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాల్సిందే.

మొన్న పరీక్షకు వెళ్లొస్తుంటే ఆటోలో మామగారు అన్నారు, "ఆడు గంజాయి తాగుతాడని నాకెప్పుడో తెలుసమ్మా. నేనడిగితే ఆడు నా ముందు తలొంచుకోవాల్సొచ్చిద్దని ఊరుకున్నా."

నాకు ఒళ్లు మండింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ అలవాట్ల గురించి అడిగేటప్పుడు ఇంటి పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టండి. మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలియనిది వైద్యం చేసే డాక్టరమ్మకు మాత్రమే.