మామయ్య చేతిలో గుడ్డ, నా కాలి కింద మిషను

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, దర్జీ. డెబ్బై దాటినా ముందుగదిలో మిషను తొక్కుతూనే ఉండేవారు. ఆయన గుండె ఉన్నట్టుండి పరుగెత్తడం, అంతలోనే తడబడడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో గజ్జ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి గుండెను దారిలో పెట్టారు.

పక్క మంచం మీది బస్సు డ్రైవరుకీ అదే వైద్యం. కుర్రవయసు. వారం తిరక్కుండా మళ్లీ బస్సు తోలుతున్నానని ఫోను చేశాడు. అప్పటికింకా మామయ్య గోడ పట్టుకుని నడుస్తున్నారు.

"వాడికి కొత్త గుండె కుట్టారు, నాకు అతుకేశారు," అన్నారు.

"పెద్ద వయసులో నిదానంగా మానుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా మామయ్యా."

"ఆవిడకేం, చెబుతుంది. కూర్చునేది నేను."

ఓ మధ్యాహ్నం పెరట్లో బట్టలారేస్తుంటే మిషను చప్పుడు వినిపించింది. నేను వెళ్లేసరికి మామయ్య గజ్జ పట్టుకుని కూర్చున్నారు. రక్తం పలచబడే మాత్రల మీద ఉన్న ఒళ్లు. అక్కడంతా వాచి నల్లబడింది. డాక్టరమ్మ చూసి, ప్రమాదం లేదుగానీ తాను చెప్పేదాకా మిషను తొక్కొద్దంది.

ఇంటికొచ్చాక మిషను వైపు చూసి అడిగాను, "అంత తొందరేమొచ్చింది?"

సూది కింద చొక్కా గుడ్డ ఉంది. మా ఆయన కోసం కత్తిరించింది. కుట్టేలోపే ఆయన పోయారు.

"వాడి చొక్కా పూర్తి చేయకుండానే నేనూ పోతానేమోనమ్మా," అన్నారు మామయ్య మెల్లగా.

వంటింట్లోంచి ఎత్తుపీట తెచ్చి మిషను పక్కనే వేసుకున్నాను. ఆయన కుర్చీ కాస్త జరిపి, కాళ్లు పక్కకి చాపించాను. నా పాదం పెడలు మీద పెట్టాను. ఆయన గుడ్డ పట్టుకున్నారు.

"నిదానంగా తొక్కమ్మాయ్, ఇది బస్సు కాదు."

"దారం తెగితే నన్ననకండి మరి."

తెగింది. అన్నారు కూడా. మళ్లీ ఎక్కించుకున్నాం. రోజూ కాసేపు, ఆయన చేతులు అలిసేదాకా. భుజాలు కలిశాయి, కాలరు నిలబడింది. గుండీలు నేను కుట్టాను.

దాన్ని మడిచి బీరువాలో పెట్టబోతుంటే ఆయన చెయ్యి చాచారు. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. భుజాలు జారిపోతున్నాయి.

"వదులుగా ఉంది మామయ్యా."

"ఉండనీ. నిదానంగా మానుతుందన్నారుగా, ఈలోపు ఒళ్లు చేస్తానులే," అంటూ చొక్కా చేతులు పైకి మడుచుకుని అన్నానికి కూర్చున్నారు.